ఉల్లిగడ్డ మీది నలుపు, చెవిలోని నలుపు

హైదరాబాద్ మలక్‌పేట మహబూబ్ మాన్షన్ మార్కెట్‌లో ఉల్లిగడ్డల బస్తా విప్పితే, ఎండిన పైపొర కింద అక్కడక్కడా నల్లటి పొడి కనిపిస్తుంది. వేలితో రాస్తే అంటుకుంటుంది. కొనుక్కున్నవాళ్లు ఆ పొర ఒలిచి పారేసి కూర వండుకుంటారు, అంతటితో సరి. ఆ నలుపు ఆస్పర్జిల్లస్ నైగర్ వర్గానికి చెందిన బూజు. ఆ మార్కెట్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని తూర్పుకు కాసేపు పోతే దిల్‌సుఖ్‌నగర్, ఇంకాస్త ముందుకు పోతే ఎల్‌బీ నగర్. ఈ దారికి అటూ ఇటూ ఉన్న చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల దగ్గరికి వానాకాలంలో చెవి దురదతో వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. వాళ్లలో కొందరి చెవి గొట్టంలో కనిపించేది కూడా ఇదే నల్లటి బూజు. వైద్యులు దీన్ని ఓటోమైకోసిస్ అంటారు. జనం ‘చెవిలో ఫంగస్ పట్టింది’ అంటారు.

ఈ జబ్బు పేరు చెప్పగానే రోగి ముఖంలో ముందు కనిపించేది సిగ్గు. శుభ్రంగా ఉండనందుకే వచ్చిందని అనుకుంటారు. ఈ జబ్బు చరిత్ర తిరగేస్తే కనిపించేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. చెవిని పట్టించుకోకుండా వదిలేసినవాళ్ల కంటే అతిగా పట్టించుకున్నవాళ్లకే ఇది ఎక్కువగా వచ్చింది. నూనె పోసినవాళ్లు, పుల్ల పెట్టినవాళ్లు, అవసరం లేని మందు చుక్కలు వేసుకున్నవాళ్లు, తలంటి చెవులు ఆరకముందే దూది కుక్కుకున్నవాళ్లు దీని బారిన పడ్డారు. ఏ కాలంలోనైనా బూజు కణాలు గాలిలో ఉండేవే. అవి చెవిలో దిగి మొలకెత్తడానికి చోటు సిద్ధం చేసింది మాత్రం మనుషుల అలవాట్లే.

ఆ అలవాట్లు పెరిగిన ఈ నగరం తూర్పు వైపు ఒకప్పుడు ఊళ్లూ పొలాలూ తోటలూ ఉండేవి. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది, 1626లో తవ్వించారు. దాని నీళ్లే పొలాలకూ తాగడానికీ ఆధారం. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాండ్‌ను జనం మూసారాం అని పిలుచుకున్నారు. ఆ పేరు మూసారాంబాగ్‌లో నిలిచింది, సమాధి దగ్గర్లోని గుట్ట మీద ఉంది. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే జాగీర్దారు భూములు ప్లాట్లయి దిల్‌సుఖ్‌నగర్ అయింది. లాల్‌బహదూర్ శాస్త్రి పేరుతో ఎల్‌బీ నగర్ వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ పిల్లల కోసం వెలిసిన విక్టోరియా మెమోరియల్ హోం పేరు ఇప్పుడు మెట్రో స్టేషన్‌కూ ఉంది. గడ్డిఅన్నారం, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు అప్పట్లో వేర్వేరు ఊళ్లు. పిల్లలు మోట బావుల్లో, చెరువు అలుగుల దగ్గర ఈత కొట్టేవాళ్లు. ఈత కొట్టి వచ్చి తల పక్కకు వంచి, అరచేత్తో చెవి మీద తడుతూ ఒంటికాలిపై గెంతడం తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లందరికీ తెలిసిన పనే. ఆ గెంతులో మంచి వైద్యం ఉంది, చెవిలోని నీళ్లు బయటికి పోతాయి.

నూనె సంగతి వేరు. పసిబిడ్డకు నీళ్లు పోసే అమ్మమ్మ ఒంటికి నూనె రాసి, మాడున అద్ది, చెవుల్లో చెరో చుక్క వేసి, ముక్కులో ఊదేది. పెద్దలకు వారానికోసారి తలంటు, దీపావళికి అభ్యంగనం. చెవిపోటు వస్తే వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా పోసేవాళ్లు. దీనికి శాస్త్రం అండ కూడా ఉంది. ఆయుర్వేదంలో కర్ణపూరణం దినచర్యలో భాగం, చెవిలో రోజూ నూనె వేస్తే వాత రోగాలు దరిచేరవని చరకుడి మాట. సుశ్రుతుడు చెవికి వచ్చే రోగాలను 28గా లెక్కగట్టాడు. వాటిలో కర్ణకండువు ఉంది, అంటే దురద. కర్ణస్రావం ఉంది, క్రిమికర్ణం ఉంది, గుబిలి గడ్డకట్టే కర్ణగూథం కూడా ఉంది. ఇవి ఈనాటి ఓటోమైకోసిస్‌తో ఒకటికి ఒకటిగా సరిపోవు. అలా సరిపోల్చి ‘అన్నీ మనవాళ్లకు ముందే తెలుసు’ అనడం సుశ్రుతుడికే అన్యాయం. ఆయన చూసింది లక్షణాలను. దురద, కారడం, చెవి మూసుకుపోయినట్టుండడం వేర్వేరు దారుల్లో వస్తాయని గుర్తించి విడివిడిగా చెప్పాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో అదే గొప్ప పరిశీలన.

నూనె మంచిదా చెడ్డదా అన్న వాదన ఇప్పటికీ ఇళ్లలో తెగదు. నూనె వల్లే అందరికీ ఫంగస్ వస్తుందని చెప్పలేం. కానీ చెవిలో నూనె పోసుకునే అలవాటును ఈ జబ్బుకు దోహదం చేసే కారణాల్లో ఒకటిగా మన దేశంలోని చెవి డాక్టర్లు లెక్కిస్తారు. ఉక్కపోత కాలంలో గొట్టంలో మిగిలిపోయిన నూనె చర్మపు పొట్టునూ తడినీ పట్టి ఉంచుతుంది. అప్పటికే దురదతో గీరి ఉన్న చర్మమైతే బూజుకు అంతకన్నా ఏం కావాలి!

పాతబస్తీ, కోఠి వైపు తిరిగే చెవులు శుభ్రం చేసేవాళ్లు ఈ కథలో ముఖ్యమైన మనుషులు. ఉర్దూలో వాళ్లను కాన్ సాఫ్ కర్నేవాలే అంటారు. తలకు చుట్టిన గుడ్డలోనో టోపీ అంచుకో సన్నటి లోహపు సలాకలు, చిన్న చిమటా గుచ్చుకుని, చేతిలో దూదితో, నూనె సీసాతో తిరుగుతారు. ఉత్తరాది నగరాల్లో తరతరాలుగా ఉన్న ఈ వృత్తి 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరల కోసం వేసిన వృత్తుల బొమ్మల్లోనూ కనిపిస్తుంది. వాళ్ల చేతి నైపుణ్యం తక్కువదేం కాదు. మనిషిని గట్టు మీద కూర్చోబెట్టి, చెవి దొప్పను పైకీ వెనక్కీ లాగి, సూర్యుడి వెలుగు లోపల పడేలా తల తిప్పి పని మొదలుపెడతారు. ఇప్పటికీ డాక్టరు పెద్దవాళ్ల చెవి చూసేటప్పుడు దొప్పను అలాగే పైకీ వెనక్కీ లాగుతాడు, వంపు తిరిగిన గొట్టం అప్పుడే తిన్నగా అవుతుంది. తేడా వచ్చేది ఆ తర్వాతే. ఒకరి చెవిలో పెట్టిన సలాకే గుడ్డతో తుడిచి ఇంకొకరి చెవిలో పెడతారు. లోపలి చర్మం ఎముక మీద పలుచగా పరుచుకుని ఉంటుంది, కొంచెం గీసుకున్నా చాలు.

పెద్దవాళ్లలో చెవి గొట్టం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అందులో తయారయ్యే గుబిలిని మురికి అనుకోవడంతోనే సగం తప్పు జరిగిపోయింది. దానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, నీళ్లను చర్మంలోకి ఇంకనివ్వదు, సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. పైగా గొట్టం చర్మం కర్ణభేరి దగ్గర మొదలై నెమ్మదిగా బయటి వైపు జరుగుతూ గుబిలిని తానే మోసుకొస్తుంది. మామూలు చెవికి తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. పుల్ల పెట్టిన ప్రతిసారీ ఆ ప్రయాణం వెనక్కి మళ్లుతుంది. గీతలు పడతాయి, రక్షణ పొర పోతుంది. బూజుకు దారి పడేది అక్కడే.

చెవిలో బూజును మొదట గుర్తించింది యూరప్‌లో. 1844లో మేయర్ అనే వైద్యుడు చెవి గొట్టంలో పెరిగిన ఫంగస్‌ను వర్ణించాడు. కలరా క్రిమిని మైక్రోస్కోపులో చూసినవాడిగా పేరున్న ఫ్లోరెన్స్ శాస్త్రవేత్త ఫిలిప్పో పచీని 1851లో ఇలాంటి రోగుల గురించి రాశాడు. 1860ల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్యుడు రాబర్ట్ వ్రేడెన్ కర్ణభేరి మీద పెరిగే ఆస్పర్జిల్లస్‌ను రోగుల వారీగా నమోదు చేసి దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా నిలబెట్టాడు. 1867లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త వాన్ టీగెమ్ ఆస్పర్జిల్లస్ నైగర్‌కు పేరు పెట్టాడు. అప్పటికే జర్మన్ వైద్యుడు ట్రోల్ట్‌ష్ నడుమ రంధ్రమున్న పుటాకార దర్పణంతో చెవిలోకి వెలుగు పంపే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. వెలుగు లోపలికి పడితేనే కదా బూజు కనపడేది.

మేయర్ రాసిన రెండేళ్లకు, 1846లో, హైదరాబాద్‌లో మెడికల్ స్కూలు మొదలైంది. పాఠాలు ఉర్దూలో చెప్పేవాళ్లు. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. ఆధునిక వైద్యాన్ని దేశ భాషలో బోధించిన ఆ ప్రయత్నానికి మన వైద్య చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదు. ఆ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. దానికి అనుబంధంగా కోఠిలో ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి చెవి జబ్బులకు తెలంగాణ జిల్లాలన్నిటికీ పెద్ద దిక్కు. నల్లగొండ నుంచి బస్సులో వచ్చే రోగి ఎల్‌బీ నగర్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠికి చేరేవాడు. 2018 సెప్టెంబరు 24న ఎల్‌బీ నగర్–అమీర్‌పేట మెట్రో మొదలయ్యాక అదే దారి రైలు దారి అయింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ దాటి మూసీ మీదుగా పోతే ఉస్మానియా మెడికల్ కాలేజీ పేరుతోనే ఒక స్టేషన్ వస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఈ జబ్బు విషయంలో వైద్యులు ఒక పొరపాటు చేస్తూ వచ్చారు. ఉష్ణదేశాల్లో చెవి దురద, వాపు, కారడం ఏది కనిపించినా ఫంగస్ అనేవాళ్లు. తూర్పు దేశాల్లో పనిచేసిన తెల్ల సైనికులకు ఇది ఎంత మామూలంటే ‘సింగపూర్ చెవి’, ‘హాంకాంగ్ చెవి’ అని పేర్లు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైద్యుడు బెన్ సెంచూరియా, మరికొందరు చెవి నుంచి తీసిన నమూనాలను ల్యాబులో పెంచి చూస్తే చాలావాటిలో ఉన్నది బ్యాక్టీరియా, ముఖ్యంగా సూడోమోనాస్. దాంతో లెక్క తారుమారైంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. దురద పెట్టే ప్రతి చెవిలోనూ ఫంగస్ ఉండదు. ఎగ్జిమా, సోరియాసిస్, చుండ్రు కూడా చెవిలో దురద పెడతాయి. చూడకుండా పేరు పెట్టకూడదు.

ఆ తర్వాత యాంటీబయాటిక్‌ల కాలం వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లోనే ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. అది 1948, ఆయన కన్నుమూసిన సంవత్సరం కూడా అదే. అనేక రకాల బ్యాక్టీరియాను ఒకేసారి చంపే మందులకు అది నాంది. కోట్లమంది ప్రాణాలు నిలబెట్టిన ఆ వరుస మందుల వల్ల చెవిలో ఎవరూ అనుకోని పరిణామం ఒకటి జరిగింది. గొట్టంలో మామూలుగా ఉండే బ్యాక్టీరియా చనిపోతే ఖాళీ అయిన చోటును ఫంగస్ ఆక్రమిస్తుంది. వారాల తరబడి యాంటీబయాటిక్ చుక్కలు వేసుకున్నవాళ్లలో, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వాడినవాళ్లలో ఓటోమైకోసిస్ కనిపించడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఒక ఫంగస్ ప్రజాతికి ‘సుబ్బరోమైసిస్’ అని సుబ్బారావు పేరే పెట్టారు. ఆ గౌరవం అమెరికా శాస్త్రవేత్తలు ఇచ్చింది. తెలుగు పిల్లల పాఠాల్లో ఆయనకు ఇంకా పెద్ద చోటు ఉండాలి.

ఫంగస్‌ను చంపే మందులు కాస్త ఆలస్యంగా వచ్చాయి. 1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేస్తున్న ఎలిజబెత్ హాజెన్, రేచల్ బ్రౌన్ నిస్టాటిన్‌ను ప్రకటించారు. మన దేశంలో పుణె దగ్గరి పింప్రిలో, హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ అనే ప్రభుత్వ సంస్థలో, ఎం.జె. తిరుమలాచార్ బృందం 1960ల మొదట్లో హేమైసిన్ కనిపెట్టింది. దాన్ని చెవి ఫంగస్‌కు చుక్కల మందుగానూ వాడారు. మన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మన శాస్త్రవేత్తలు తీసిన మందు అది. అంతకు ముందు డిస్పెన్సరీల్లో ఉన్నవి బోరిక్ పొడి, స్పిరిట్, ఊదారంగు జెన్షన్ వయొలెట్. 1970ల్లో జర్మనీ నుంచి వచ్చిన క్లోట్రిమజోల్ వీటన్నిటినీ పక్కకు నెట్టింది. ఇప్పుడు మందుల షాపుల్లో ఒకే సీసాలో యాంటీబయాటిక్, స్టెరాయిడ్, క్లోట్రిమజోల్, నొప్పి తెలియకుండా మత్తుమందు నాలుగూ కలిపి అమ్ముతున్నారు. రోగికి అది సులువు. ఏ చెవికి ఏది అవసరమో తేల్చే పని మాత్రం ఆ సీసా చేయదు.

1980ల్లో పండ్ల టోకు వ్యాపారం మొజంజాహీ మార్కెట్ నుంచి గడ్డిఅన్నారానికి మారింది. ఎండాకాలం మామిడి, మిగతా కాలంలో నల్లగొండ బత్తాయి, కుళ్లిన పండ్ల గుట్టలు, వాటి మీద పచ్చ బూజు, నల్ల బూజు. ఆ చుట్టుపక్కలే కాలనీలు పెరిగాయి, కోచింగ్ సెంటర్లు వచ్చాయి. జిల్లాల నుంచి గ్రూప్స్‌కూ కంప్యూటర్ కోర్సులకూ వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇరుకు హాస్టళ్లలో చేరారు. పొద్దున్నే తల మీద నీళ్లు పోసుకుని, చెవులు తడిగా ఉండగానే హెల్మెట్ పెట్టుకునో ఇయర్‌ఫోన్స్ దోపుకునో క్లాసుకు పరుగు. దురద పెడితే చేతిలో ఉన్నదే ఆయుధం. పిన్నీసు, అగ్గిపుల్ల, పెన్ను మూత, బైకు తాళం చెవి. అవి కాకుంటే బడ్సు. పుల్లకు దూది చుట్టిన ఈ బడ్సును 1923లో అమెరికాలో లియో గెర్‌స్టెన్‌జాంగ్ తయారు చేశాడు. పాతబస్తీ వీధిలో ఒక మనిషి సలాకతో చేసిన పని బడ్సు వచ్చాక ఎవరికి వారే అద్దం ముందు చేసుకోవడం మొదలుపెట్టారు. సలాక పట్టిన మనిషికి కనీసం లోపలేముందో కనపడేది.

క్లినిక్‌లో ఇప్పుడు రోగి కూడా తన చెవిలోపల చూడొచ్చు. ఎండోస్కోపు కొనకున్న కెమెరా గొట్టంలోకి వెళ్లగానే పక్కనున్న తెరపై ఎర్రబడ్డ చర్మం, దాని మధ్యలో తడిసిన న్యూస్ పేపరు ఉండలా బూడిదరంగు ముద్ద కనిపిస్తాయి. ఇంకా దగ్గరికి పోతే తెల్లటి సన్నని పోగులు, ప్రతి పోగు కొనన నల్లటి చుక్క. ఆ చుక్కలే బూజు విత్తనాల తలలు, ఒక్కో తలలో లెక్కలేనన్ని కణాలు. క్యాండిడా అయితే నలుపు ఉండదు, మెత్తటి తెల్ల ముద్ద ఉంటుంది. ముద్దలో కొంచెం తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో గాజు పలక మీద పెడితే, అడ్డుగోడలున్న కొమ్మల్లాంటి తంతువులు మైక్రోస్కోపులో తేటగా కనపడతాయి. డాక్టరు సన్నటి సక్షన్ గొట్టంతో ముద్దను లాగేస్తుంటే రోగికి చెవిలో పెద్ద హోరు వినిపిస్తుంది, కొందరికి కాసేపు తల తిరుగుతుంది. ముద్ద బయటికి రాగానే చెవి తెరుచుకుంటుంది, అంతదాకా దూరంగా వినిపించిన మాట దగ్గరికొస్తుంది. అసలు వైద్యం అదే. ముద్ద లోపల ఉండగా ఎన్ని చుక్కలు వేసినా పైపైనే తడిసి పోతాయి.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన కురిసింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక గోడల మీద, బట్టల మీద, పిల్లల పుస్తకాల మీద బూజు. ఆరు నెలలు తిరగకముందే కరోనా రెండో అల, దాని వెంట బ్లాక్ ఫంగస్. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం మ్యూకర్‌మైకోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దానికి రాష్ట్ర కేంద్రమైంది. చెవి, గొంతు జబ్బులతో కిటకిటలాడే ఆ చోట, కన్ను, దవడ తీసేయాల్సి వచ్చిన రోగులకు వైద్యులూ నర్సులూ రాత్రింబవళ్లు సేవ చేశారు. వాళ్ల కష్టం చరిత్రలో రాసి పెట్టుకోవాల్సినది.

ఆ రోజుల్లో చెవిలో నలుపు అన్నమాట ఎవరినైనా వణికించేది. రెండిటికీ సంబంధం లేదు. మ్యూకర్ ముక్కు, సైనస్‌ల దారిన లోపలికి పోయి రక్తనాళాల్లోకి చొచ్చుకుని కండను చంపుతుంది, షుగరు అదుపులో లేనివాళ్లకూ స్టెరాయిడ్లు వాడినవాళ్లకూ ప్రాణం మీదికి తెస్తుంది. ఓటోమైకోసిస్‌లో ఆస్పర్జిల్లస్ సాధారణంగా చర్మం పై పొరల్లోనే ఉండిపోతుంది. మొండిదే గాని ప్రాణాంతకం కాదు.

అయినా చెవిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2009లో టోక్యోలో ఒక వృద్ధురాలి చెవి నుంచి తీసిన నమూనాలో అంతకుముందు ఎవరూ వర్ణించని క్యాండిడా జాతి దొరికింది. క్యాండిడా ఆరిస్ అనే ఆ జీవి కొన్నేళ్లలోనే ఎన్నో దేశాల ఐసీయూల్లో మందులకు లొంగని ఇన్ఫెక్షన్‌గా మారింది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా మొదటిసారి వెలువరించినప్పుడు దాన్ని అత్యంత ప్రాధాన్య వర్గంలో చేర్చింది.

ఇక చెవిలో దురద, బరువు, కారడం ఉన్నవాళ్లు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ముందు డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే కర్ణభేరికి రంధ్రం ఉందో లేదో బయటి నుంచి తెలియదు. రంధ్రం ఉంటే జెంటమైసిన్, నియోమైసిన్ లాంటి చుక్కలు లోపలి చెవికి హాని చేసి వినికిడినే తీసేయగలవు, స్పిరిట్ కలిసిన చుక్కలైతే భరించలేని మంట. బూజు తీయించుకున్నాక స్నానం చేసేటప్పుడు వాజెలిన్ రాసిన దూది చెవికి అడ్డం పెట్టి, స్నానం కాగానే తీసేయాలి. ఈత ఆపాలి. ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టాలి. షుగరు ఉన్నవాళ్లకు నిద్ర పట్టనంత చెవినొప్పి వచ్చినా, మూతి ఒక పక్కకు వంకర పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, అది ఎముకకు పాకే వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు. మిగతావాళ్లకు క్లోట్రిమజోల్ చుక్కలు మామూలుగా రెండు మూడు వారాలు వేసుకోవాల్సి వస్తుంది. దురద నాలుగు రోజుల్లోనే తగ్గుతుంది, జనం సీసా పక్కన పడేసేది అప్పుడే. చర్మం ముడతల్లో మిగిలిన కణాలు మళ్లీ మొలకెత్తి నెల తిరిగేసరికి అదే మనిషి అదే చెవితో తిరిగి వస్తాడు. అందుకే డాక్టర్లు దురద పోయిన తర్వాత కూడా చుక్కలు కొనసాగించమని, మధ్యలో ఒకసారి వచ్చి చూపించుకోమని చీటీ మీద రాసి మరీ చెబుతారు.